అత్త కన్ను, అరవై బై నలభై

మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి స్టూడియో కంప్యూటర్‌కి మెయిలొచ్చింది. ఒక కంటి ఆసుపత్రి తరఫున, వాళ్ల ప్రకటనల ఏజెన్సీ ఒక ఫొటో కావాలని రాసింది. ధర చెప్పమంది.

ఫొటో తీసింది బుల్లి. ఆమెకి ఇరవై ఏడేళ్లు. స్టూడియో వాళ్ల నాన్నది. వెడల్పు తొమ్మిదడుగులు, లోతు ఇరవై రెండు. గుమ్మం దగ్గర మేనత్త కుట్టుమిషను ఉంటుంది. అక్కడ కూర్చుని ఆవిడ ప్యాంట్లు పొట్టి చేస్తుంది, జిప్పులు మారుస్తుంది. మధ్యలో కౌంటరు. వెనక తెర, రెండు లైట్లు, ఒక స్టూలు. ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్లకి నాన్న ముప్పై ఎనిమిదేళ్లుగా గడ్డం కాస్త దించమని చెబుతున్నాడు. వీధిలో అందరికీ ఆయన మాస్టారు.

స్టూడియోలో లెక్కంతా సెట్లలో నడుస్తుంది. సెట్టంటే పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఎనిమిది. రోజుకి పన్నెండు సెట్లు అమ్ముడవుతాయి. దుకాణం నెల అద్దె నూట ఇరవై సెట్లు.

బుల్లి అమ్మే ఫొటోల దారి వేరు. అవి ఎవరూ అడగందే తీసినవి. బకెట్టు, తాళాల గుత్తి, వానకి తడిసిన చెప్పులు, అత్త దారపు ఉండలు. వాటిని ఇంటర్నెట్లో ఫొటోలమ్మే సైటులో పెడుతుంది. కావాల్సినవాళ్లు డబ్బు కట్టి దించుకుంటారు. ఒకే ఫొటోని ఎంతమందైనా కొనుక్కోవచ్చు. నాన్నకి ఇది మొదటి నుంచీ మింగుడుపడలేదు. ఒకే గొడుగుని వందమందికి అమ్మితే జైల్లో పెడతారని అనేవాడు.

మొదట అమ్ముడైంది బకెట్టు ఫొటో. సెట్టులో మూడోవంతు వచ్చింది. రెండు నెలల తర్వాత ఏదో దేశంలో, ఏదో భాషలో, నేల తుడిచే మందు ప్రకటనలో ఆ బకెట్టు కనిపించింది. అత్త కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. పిడి దగ్గర తను కట్టిన గుడ్డపీలిక అలాగే ఉంది. మనింట్లో మనకంటే ముందు విదేశం చూసింది బకెట్టేనని, దాన్ని ఇక కాలితో తన్నొద్దని అందరికీ చెప్పింది.

అయితే పదకొండు నెలల్లో అలా వచ్చిందంతా కలిపి పంతొమ్మిది సెట్లు. నాన్నకీ బుల్లికీ మధ్య ఒక ఒప్పందం ఉంది. ఏడాదిలో ఈ ఫొటోలు ఒక నెల అద్దె సంపాదిస్తే ఆమె రోజూ సగం పూట వాటికి పెట్టుకోవచ్చు. లేదంటే వచ్చే ఒకటో తారీఖు నుంచి గుర్తింపు కార్డుల కంపెనీలో చేరాలి. అక్కడ ఉద్యోగం ఖాయమైంది. ఆఫీసులకి తిరిగి రోజుకి మూడువందల మొహాలు తీయాలి. ప్రతి మొహానికీ వెనక తెల్లగోడ. నెలాఖరుకి ఇరవై రెండు రోజులున్నాయి.

ఆసుపత్రి అడిగింది అత్త ఫొటో. అత్తకి డెబ్బై ఒకటి. కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, సూదిని కంటికి దగ్గరగా పెట్టుకుని దారం ఎక్కిస్తోంది. ఫొటోలో ఉన్నది ఒక కన్ను, రెండు వేళ్లు, సూది, దారం. మిగతా అత్త లేదు. సైటులో పెట్టేముందు ఫొటోలో ఉన్న మనిషి అనుమతి పత్రం కావాలంటే అత్త సంతకం చేసింది. మొత్తం మనిషికి చేయాలా, కన్నుకి మటుకే చేయాలా అని అడిగి మరీ చేసింది.

మెయిల్లో వివరాలున్నాయి. కొత్త భవనం పక్కగోడ. వెడల్పు అరవై అడుగులు, ఎత్తు నలభై. ధర శుక్రవారంలోగా తెలపాలి.

అరవై అడుగులంటే ఎంతో బుల్లికి అందలేదు. వీధిలోకి వెళ్లి అడుగులు వేసి చూసింది. స్టూడియో నుంచి మొదలుపెడితే చెప్పుల దుకాణం, మందుల దుకాణం, తాళాలవాడి బల్ల దాటి మూలనున్న కరెంటు స్తంభం దాకా వచ్చింది. వెనక్కి తిరిగి చూసింది. అంత దూరమూ అత్త కన్నే.

ధర ఎంత చెప్పాలో ఇంటర్నెట్లో వెతికింది. ప్రతిచోటా ఒకటే రాశారు. వాడుకని బట్టి, కాలాన్ని బట్టి, కొనేవాణ్ని బట్టి ఉంటుందని. అన్నిట్నీ బట్టి ఉంటుంది గానీ అంకె మాత్రం ఎక్కడా లేదు. గంటన్నర తర్వాత నాన్నని అడిగింది.

నాన్న కొలతలు చెప్పమన్నాడు. బిల్లు పుస్తకం పక్కన ఉండే కొటేషన్ల పుస్తకం తీశాడు. పెద్ద సైజు ఫొటోలకి స్టూడియోలో ఒక రేటుంది. చదరపు అడుగుకి రెండు సెట్లు. గోడ రెండువేల నాలుగువందల అడుగులు. క్యాలిక్యులేటర్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మూడోసారి పెన్సిలుతో వేశాడు. నాలుగువేల ఎనిమిదివందల సెట్లు. అంటే స్టూడియో నాలుగువందల రోజుల అమ్మకం.

నాన్న ఆ అంకెని కొటేషన్ కాగితం మీద ఎక్కించాడు. రెండో కన్ను ఖాళీగానే ఉందని, కావాలంటే దాన్నీ ఇస్తానని అత్త అంది.  నాన్న పుస్తకంలోంచి ఆ కాగితం చింపి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు. బుల్లి దాన్ని ఫొటో తీసి పంపింది.

బుధవారం జవాబు లేదు. గురువారమూ లేదు. ధర విని ఆసుపత్రివాళ్లు ఆసుపత్రిలో చేరి ఉంటారని అత్త అంది. బుల్లి ప్రతి పది నిమిషాలకీ కంప్యూటర్ చూసింది. గిరాకీ వచ్చి స్టూలు మీద కూర్చుని, గడ్డం దించి, ఎవరూ తీయక మళ్లీ ఎత్తుకున్నాడు.

శుక్రవారం పొద్దున పదకొండింటికి జవాబొచ్చింది. రెండు వాక్యాలు. ధర ఆమోదించాం. ఎప్పుడు బిగిస్తారు?

బుల్లి రెండో వాక్యాన్ని నాన్నకి చదివి వినిపించింది. ఎందుకు బిగించాలని నాన్న అడిగాడు. బుల్లి తను పంపిన కాగితాన్ని తెర మీద పెద్దది చేసింది. సంతకం కింద, ముప్పై ఎనిమిదేళ్లుగా ప్రెస్సులో ఒకేలా అచ్చవుతున్న వరుస ఒకటుంది. పై ధరలో ప్రింటు, చట్రం, గోడకి బిగింపు కలిసి ఉన్నాయి. నాన్నకి ఆ వరుస నోటికొచ్చు. అందుకే ఏనాడూ చదవలేదు.

బ్యానర్లు అచ్చేసే ప్రెస్సు అత్త కొడుకుది. బుల్లికి బావ. ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చాడు. గుడ్డ, రంగు, ఇనుప చట్రం, గోడ పొడుగునా ఎక్కడానికి సారువా కట్టే మనుషులు, రెండు రోజుల క్రేను అద్దె, అన్నీ రాసుకుంటూ పోయాడు.

"అమ్మ కన్ను కదా, నా లాభం వదిలేస్తా," అన్నాడు. "మనుషుల కూలి వదల్లేను మరదలా. వాళ్లకి మా అమ్మ ఏమవుతుంది?"

మొత్తం నాలుగువేల ఏడువందల పది సెట్లు. బుల్లికి మిగిలేది తొంభై. అంతకుముందు వచ్చిన పంతొమ్మిదితో కలిపితే నూట తొమ్మిది. అద్దెకి పదకొండు తక్కువ.

ఫొటో ధర అందులో లేదని, పొరపాటయిందని మెయిలు రాస్తానని బుల్లి అంది. నాన్న వద్దన్నాడు. రేటు చెప్పి సంతకం పెట్టాక మార్చడం ఇన్నేళ్లలో ఎరగనన్నాడు. ఒకసారి ఎవరి పెళ్లి ఫొటోలకో తను ఒక సున్నా తక్కువేసి ఇచ్చి, నెల రోజులు నష్టానికి పనిచేసిన కథ మళ్లీ చెప్పాడు. ఆ కథ అందరూ విన్నదే. మధ్యలో ఎవరూ ఆపలేదు. మరి మన ఒప్పందం సంగతేమిటని బుల్లి అడిగింది. అదీ మాటేగా, అదీ మారదన్నాడు.

అత్త మిషను ఆపింది. కాగితం ఇలా తెమ్మంది. కళ్లద్దాలు సర్దుకుని పైనుంచి కింది దాకా చదివింది.

"ఒరే తమ్ముడూ, గుడ్డకి రేటుంది. మేకుకి రేటుంది. ఈ పిల్ల ఆ రోజు పొద్దుణ్నించి నా ముందు గొంతుక్కూచుని, నూట నలభైసార్లు నాచేత దారం ఎక్కించింది. దానికి రేటేదిరా?"

"దానికి స్టూడియోలో రేటు లేదక్కా."

"లేకపోతే మారేదేముంది? ఇప్పుడు పెట్టుకోవాలి."

నాన్న కాగితం తీసుకుని తనూ చదివాడు. చదవడానికి చాలాసేపు పట్టింది. ఉన్న రేటు ముట్టుకోకపోతే తనకి అభ్యంతరం లేదన్నాడు.

మెయిలు రాసిన ఏజెన్సీ మేడంకి బుల్లి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది. కాగితంలో ఉన్న ధర అచ్చుకీ, బిగింపుకీ అని, దానికి కట్టుబడి ఉన్నామని, ఫొటో వాడుకున్నందుకు ఇవ్వాల్సింది వేరే ఉందని, అది చెప్పకపోవడం తన తప్పని ఒక్క ఊపిరిలో చెప్పింది. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పమని కూడా అంది. బావ తలపట్టుకున్నాడు.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. ఫొటో ధర ఎక్కడుందా అని తమ లెక్కలవాళ్లూ అడిగారని మేడం అంది. ఎంతని అడిగింది.

బుల్లి దగ్గర అంకె లేదు. నాన్న వైపు చూసింది. నాన్న స్టూలు వైపు చూశాడు. ఆమెకి తెలిసిన అంకె ఒకటే. ఏడాదిగా తలలో తిరుగుతున్నది. నూట ఇరవై సెట్ల డబ్బెంతో అదే చెప్పింది.

"ఏడాదికా?" మేడం అడిగింది.

బుల్లి అత్త వైపు తిరిగింది. అత్త సూదున్న చేతిని పైకెత్తి ఆడించింది.

"ఏడాదికే," అంది బుల్లి.

ఆసుపత్రి డైరెక్టరుని అడిగి చెబుతానని మేడం ఫోన్ పెట్టేసింది. కౌంటరు మీద ఉన్న టీ అప్పటికే చల్లారింది. నాన్న అది తాగేశాడు. అది బావ టీ.

సోమవారం మధ్యాహ్నం ఒప్పంద పత్రం వచ్చింది. మూడేళ్లు, ఆ ఒక్క గోడకే. మూడేళ్ల డబ్బూ ముందే ఇస్తారు. మూడు నెలల అద్దె. నాన్న పత్రాన్ని రెండుసార్లు చదివాడు. ఫొటో ఎవరిదని ఉందో వేలుపెట్టి చూశాడు. ఫొటో బుల్లిదేనని, గోడ మీద ఉన్నంతకాలమూ బుల్లిదేనని అందులో ఉంది. అమ్మాక కూడా మనదేనా అని అడిగాడు. అవునంది. కవరులో పెట్టి ఇచ్చేయక్కర్లేని ఫొటో ఆ దుకాణంలో అదే మొదటిదని అన్నాడు. గొడుగు సంగతి ఎత్తలేదు. కార్డుల కంపెనీకి ఎప్పుడు చెబుతావని మాత్రం అడిగాడు. గోడ ఎక్కాక అంది బుల్లి.

ప్రెస్సులో అచ్చు ఆ పై వారం మొదలైంది. ఫొటోని పన్నెండు పీలికలుగా కోశారు. ఒక్కోటి అయిదడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. పీలికకి గంటా పది నిమిషాలు పట్టింది. గుడ్డ మిషనులోంచి అంగుళం అంగుళంగా బయటికొస్తుంటే బుల్లి పక్కన నిలబడింది. అత్త కంటి కొస ముడత జానెడు వెడల్పు ఉంది. రెప్పవెంట్రుక బొటనవేలంత లావుంది. దారం బావిచేద తాడంత ఉంది. సూది బెజ్జంలోకి బావ పిడికిలి పెట్టి చూశాడు. పట్టింది. ఫొటోలో కనిపించింది ఒక దారం. గుడ్డ మీద అది మూడు పోగులు కలిపి పేనినదని తెలిసింది.

ఏడో పీలిక మీద మిషను నడిపేవాడు మీట నొక్కి ఆపేశాడు. మరకపడిందన్నాడు. బావ వంగి చూశాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"మరదలా, ఇటు రా," అన్నాడు. "మా అమ్మ కంట్లో ఎవరో ఉన్నారు."

కంటిపాప మధ్యలో స్టూడియో గుమ్మం ఉంది. గుమ్మం నిండా వెలుగు. ఆ వెలుగులో ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉంది. రెండు మోచేతులూ బయటికి వంచి, మొహానికి నల్లటి పెట్టె ఆనించుకుని. జడ ముందుకి పడి ఉంది. బుల్లి జడని చేత్తో పట్టుకుని చూసుకుంది.

ఫొటో తీసి అయిదు నెలలైంది. కంప్యూటర్లో వందసార్లు చూసింది. ఆ చోట ఒక మెరుపుందని తెలుసు. మెరుపులో తనుందని తెలియదు.

నాన్నని పిలిపించింది. ఆయన దుకాణానికి తాళం వేసి వచ్చాడు. గుడ్డ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫొటోల్లో కళ్ల మీద పడ్డ నీడలు తుడవడం ఆయన వృత్తి. స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషి కంట్లోంచీ లైట్లనీ, తెరనీ, తననీ తుడిచేసి, ఒక తెల్లచుక్క పెడతాడు. తుడిచేద్దామా అని బావ అడిగాడు. నాన్న గుడ్డ మీదకి వంగాడు. బుల్లి బొమ్మ వెనక వేలు పెట్టాడు.

అక్కడ, గుమ్మానికి అవతల వీధిలో, ఇంకో మనిషి ఉన్నాడు. రెండు చేతులూ తలపైకెత్తి ఒక తెల్లటి అట్ట పట్టుకుని ఉన్నాడు. మొహం తెలియడం లేదు. ఎడమ భుజం కుడిభుజం కంటే కిందికుంది.

నాన్న తన ఎడమ భుజం వైపు చూసుకున్నాడు.

బుల్లికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు వెలుగు చాలకపోతే నాన్నని పిలిచింది. గిరాకీ వేళ ఇదేం పనని విసుక్కుంటూ వచ్చి అట్ట పట్టుకున్నాడు. చేతులు లాగుతున్నాయని రెండుసార్లు చెప్పాడు. ఎంతసేపు పట్టుకున్నాడో ఆమె చూడలేదు. కెమెరా వెనకనుంది.

"ముప్పై ఎనిమిదేళ్లలో నన్నెవరూ తియ్యలేదు," అన్నాడు నాన్న. భుజం సర్దుకుని, "గడ్డం కాస్త దించాల్సింది," అన్నాడు.

మిషనుని మళ్లీ నడపమన్నాడు.

గురువారం ఉదయం ఏడూ నలభైకి పన్నెండో పీలిక గోడకెక్కింది. బావ మనుషులు ఆరుగురు తాళ్లు విప్పి కిందికి దిగారు. బుల్లి, నాన్న, అత్త గోడ కింద నిలబడ్డారు. దగ్గర్నుంచి చూస్తే ఏమీ అర్థం కాలేదు. చర్మం, రంగు, గీతలు. రోడ్డుకి అవతల బస్సులు ఆగేచోటు వైపు వెనక్కి నడిచారు. నలభై అడుగులు నడిచాక వేళ్లు కనిపించాయి. నూరు దాటాక కన్ను తెరుచుకుంది.

బస్సొచ్చి ఆగింది. దిగినవాళ్లు నాలుగడుగులు వేసి ఆగారు. ఒకాయన సంచీ కింద పెట్టాడు. మాట్లాడుకుంటున్న ఇద్దరు పిల్లలు మాటలు మానేశారు. బస్సు కదలలేదు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూస్తున్నాడు. ఎవరూ హారన్ కొట్టలేదు. అంత రోడ్డు మీద అర నిమిషం పాటు గోడకి కట్టిన గుడ్డ గాలికి కొట్టుకునే చప్పుడొక్కటే వినిపించింది.

అత్త రెండు చేతులూ కట్టుకుని చూసింది. కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి. అంత పెద్ద కన్నుని చూడ్డానికి ఆవిడకి అద్దాలక్కర్లేదు.

"ఇంకా ఎక్కలేదే దారం," అంది.

పక్కనున్నావిడ, ఎక్కుతుందండీ, ఇంకొక్క వెంట్రుకవాసే ఉంది అంది. తను ఎవరి పక్కన నిలబడిందో ఆవిడకి తెలియదు. అత్త చెప్పలేదు.

నాన్న గోడ దగ్గరికి వెళ్లాడు. బావ మనుషుల్లో ఒకణ్ని టేపు ఇచ్చి మళ్లీ పైకి పంపాడు. పైనుంచి అతను కేకేసి చెప్పాడు. కంట్లో ఉన్న అమ్మాయి ఎత్తు రెండడుగుల తొమ్మిదంగుళాలు. అట్ట పట్టుకున్నాయన పదకొండంగుళాలు. నాన్న సరిగ్గా కొలవమన్నాడు. పదకొండున్నర అని జవాబొచ్చింది.

ఏజెన్సీ మేడం ఎనిమిదిన్నరకి వచ్చింది. కంట్లో మనుషులున్నారని డైరెక్టరుకి ఎవరో చెప్పారని, ఆయన పొద్దున్నే వచ్చి చూసి వెళ్లారని చెప్పింది. తీసేయమన్నారా అని బుల్లి అడిగింది. లేదని, వాళ్లెవరో కనుక్కోమన్నారని మేడం అంది. బుల్లి చెప్పింది. మేడం నాన్న వైపు, తర్వాత అత్త వైపు చూసి, డైరెక్టరుకి ఫోన్ చేయడానికి పక్కకెళ్లింది.

తొమ్మిదీ పదికి బుల్లి కార్డుల కంపెనీకి ఫోన్ చేసింది. ఒకటో తారీఖున చేరడం లేదని చెప్పింది. కారణం అడిగారు. ఒక ఫొటో అమ్ముడైందని, ఇక అదే పని చేస్తానని చెప్పింది. ఏ ఫొటో అని అడిగారు. కంటి ఆసుపత్రి గోడ మీదున్నదని చెప్పింది. ఒక్క నిమిషం ఉండమని అతను లేచి వెళ్లాడు. కుర్చీ జరిగిన చప్పుడు, కిటికీ తలుపు తెరిచిన చప్పుడు వినిపించాయి. తిరిగొచ్చి ఫోన్ తీసుకున్నాడు. తమ మూడో అంతస్తు నుంచి గోడ మొత్తం కనిపిస్తోందని, ఆఫీసువాళ్లు పద్నాలుగు మంది కిటికీల దగ్గరే నిలబడి ఉన్నారని చెప్పాడు.